ఎనభై నాలుగేళ్ళ కోడిపెట్ట

క్వాబెన్‌క్రోం
మంగళవారం, జనవరి 14, 2014

అబ్రెఫి పిన్నీ,

నేను బాగానే ఉన్నాను. దుమ్ము నాకంటే బాగుంది. ఈ ఎండుగాలికి పొద్దున బోర్డు మీద రాసింది మధ్యాహ్నానికి కనపడటంలేదు. పెదాలకి షియా వెన్న రాసుకోకుండా పాఠం మొదలెడితే "కూర్చోండి" అనేలోపే పగిలిపోతున్నాయి. ఇక్కడ సిగ్నల్ కావాలంటే కోకో గోదాము పైకప్పు ఎక్కాలి. టీచరమ్మ ఎక్కితే ఊరంతా కింద నిలబడి చూస్తుంది. అందుకే ఉత్తరం. డ్రైవర్ అజిమాన్ వ్యానులో నీ కొట్టు దాకా తెచ్చిస్తానన్నాడు.

పని పడింది పిన్నీ. నా నాలుగో తరగతిలో నలభై ముగ్గురు పిల్లలు, ఆరు కథల పుస్తకాలు. అందులో ఒకదానికి చివరి పేజీలు ఎలుక తినేసింది. పిల్లలు గడగడా చదువుతారు, కానీ ఏం చదివారో అడిగితే పాఠంలో మొదటి వాక్యం తిరిగి అప్పజెబుతారు. మాన్సా అని ఒక పిల్ల ఉంది. "కుందేలు ఎందుకు పారిపోయింది?" అంటే "అనగనగా ఒక అడవి ఉండేది టీచర్" అంటుంది. "నీ పేరేంటి?" అన్నా అదే చెప్పేలా ఉంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం, ఇన్‌స్పెక్టర్ బెడియాకో సార్ వస్తారు. మా చుట్టుపక్కల మూడు బళ్ళలో పాఠం చూసి, ఒక్క బడికి రెండొందల పుస్తకాల బీరువా ఇస్తారట. ఒక్కటే బీరువా పిన్నీ. అది నాకు కావాలి. పెళ్ళికొడుకు మీద కూడా నాకు ఇంత ఆశ లేదు.

పిల్లలకి ఆసక్తి పుడుతుందని మా బడి కమిటీ పెద్ద అంపోన్సా తాత పేరు పెట్టి ఒక చిన్న కథ రాశాను. నలభై మూడు కాపీలు తీసి పంపు:

"అంపోన్సా తాత ఇంట్లో ఒక కోడిపెట్ట ఉండేది. గురువారం పుట్టింది కాబట్టి దానికి యా సికా అని పేరు పెట్టారు. అది మొక్కజొన్న గింజలు తినేది. దానికి తాత అంటే ప్రాణం. మంగళవారం అది పామాయిల్ కుండలో పడి చనిపోయింది. ఊరంతా ఏడ్చింది."

ప్రశ్నలు: కోడి ఎవరింట్లో ఉండేది? ఏం తినేది? ఎలా చనిపోయింది? అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఎవరు, ఎందుకు?

ఒక బొమ్మ కూడా పెట్టు. చూడగానే పిల్లలకి చదవాలనిపించాలి. మిగతాది నీ ఇష్టం.

చాక్‌పీసు చేతులతో,
దుఫీ


దేవుడి దయ టైపింగ్ సెంటర్, కుమాసి
సోమవారం, జనవరి 20, 2014

ఒసే దుఫీ తల్లీ,

నీ ఉత్తరం అజిమాన్ చేతిలోంచి వచ్చేసరికి వేయించిన చేపల వాసనేసింది. అయినా ముద్దుపెట్టుకున్నాను. నువ్వు తింటున్నావా? టీచర్లయ్యాక పిల్లలు తినడం మానేస్తారని మీ అమ్మ గోల. నా మటుకు నేను బాగున్నాను, మోకాలు ఒక్కటే నా మాట వినడంలేదు. ఆగు, గిరాకీ వచ్చింది.

వచ్చాను. పెళ్ళి కార్డు. పిల్లాడి పేరు మూడుసార్లు మార్చారు. పెళ్ళికొడుకునే మార్చారేమో, నేను అడగలేదు.

ఇంక నీ పని. నువ్వు రాసిన కథ టైపు చేసి చూశాను. ఆరు లైన్లు. తెల్లకాయితం మీద మందుచీటీలా ఉంది. ఎవరు చదువుతారే దీన్ని? పాతికేళ్ళుగా ఈ బజార్లో కూర్చున్నాను, జనం ఆగి చదివేది ఒక్కటే, చావు పోస్టర్. మూటలు మోసేవాళ్ళు మూట దించకుండా చదువుతారు. ఎవరు పోయారు, ఎన్నేళ్ళు, పిల్లలెందరు, భోజనాలెక్కడ, అన్నీ చదివి, పక్కవాడితో వాదించి మరీ వెళ్తారు. నీ కథలో చావు ఉండనే ఉంది. "మిగతాది నీ ఇష్టం" అని కూడా అన్నావు. అందుకని పోస్టర్ చేసేశాను.

బొమ్మ చూస్తే నువ్వే ఏడుస్తావు. పక్క కొట్టు కోళ్ళామె దగ్గర ఒక పెట్టని పట్టుకుని ఫోటో తీశాను. వెధవది కెమెరా వంక చూడదే! పద్నాలుగోసారి చూసింది. తల దానిది, ఒళ్ళు మొన్న పోయిన ఒక షావుకారమ్మది. తల ఒకరిది ఒళ్ళు ఒకరిది అతికించడంలో ఈ బజార్లో నా తర్వాతే ఎవరైనా. రంగురంగుల కెంటే బట్ట కట్టించి, సికా అంటే బంగారమే కదాని మెళ్ళో మూడు పేటల గొలుసు వేశాను. కాళ్ళకి చెప్పులున్నాయి.

పోస్టర్‌లో ఖాళీలు వదిలితే బోసిగా ఉంటుంది. అందుకని వయసు దగ్గర షావుకారమ్మ ఎనభై నాలుగు అలాగే ఉంచాను. సంతానం తొమ్మిది మంది, మనవలు ముప్పై ఒక్కమంది. చర్చి ఆడవాళ్ళ పాటల బృందంలో సభ్యురాలు. తాతంటే ప్రాణం అని నువ్వే రాశావు కాబట్టి భర్త: అంపోన్సా. అంత్యక్రియల తేదీ కూడా వెయ్యాలి కదా, ఫిబ్రవరి 15, శనివారం, తాత వాకిట్లో అని వేశాను. మన దగ్గర శనివారం కాని అంత్యక్రియలు ఎక్కడైనా ఉన్నాయా?

పిల్లలకి చిన్నవి నలభై మూడు, వెనక నీ కథ, ప్రశ్నలు. గోడకి పెద్దవి ఎనిమిది. అచ్చు తప్పిన పాత పోస్టర్లు ఒక కట్ట వేరే పంపుతున్నాను, వెనకవైపు తెల్లగా ఉంటాయి, పిల్లలు కథలు రాసుకుంటారు.

మెచ్చుకోలు ఉత్తరం రాయి, చిన్నగా వద్దు.

నీ పిన్ని,
అబ్రెఫి


క్వాబెన్‌క్రోం
శుక్రవారం, జనవరి 24, 2014

పిన్నీ,

ముందు ఒక మాట అడుగుతాను. చావు పోస్టర్ల చుట్ట చేతికిస్తే డ్రైవర్ ఏం చేస్తాడో నీకు తెలియదా?

అజిమాన్ పాపం మంచివాడు. పెద్ద పోస్టర్లు నాకు ఒక్కటే ఇచ్చాడు. మిగతా ఏడూ దారి పొడుగునా అంటించుకుంటూ వచ్చాడు. పెట్రోలు బంకు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర, వంతెన మీద. "టీచరమ్మా, జిగురుకి డబ్బులేం వద్దు, చావుకి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా" అన్నాడు. పైగా "బలే మనిషి పోయిందమ్మా, ముక్కు కొంచెం కొనదేలింది గానీ, ఆ వయసులో అందరికీ అంతే" అని కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ములో బొమ్మ సరిగ్గా కనపడక దారిలోవాళ్ళంతా అలాగే అనుకుంటున్నారట.

అంపోన్సా తాత చేతికర్ర పట్టుకుని బడికొచ్చాడు. "అమ్మాయ్, నేను ఎవరికి మొగుణ్ణి?" అన్నాడు. జవాబు చెప్పేలోపే వెనకాలే ఆయన భార్య అచియా అవ్వ వచ్చింది.

"ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం! నాకు తెలియకుండా ఇంకోదాన్ని పెట్టుకుంటే పెట్టుకున్నావు. తొమ్మిది మంది పిల్లలా? అదీ కోడితోనా?"

"నాకేం తెలుసే! నేనిప్పుడే చదివాను!"

"నాకెప్పుడైనా మూడు పేటల గొలుసు చేయించావా?"

పిల్లలందరూ కిటికీలకి వేలాడుతూ విన్నారు. ఆయన మా బడి కమిటీ పెద్ద పిన్నీ! ఆయన సంతకం లేకపోతే ఇన్‌స్పెక్టర్ సార్ మా బడి గుమ్మం తొక్కరు. బీరువా సంగతి దేవుడెరుగు, నన్ను ఇక్కడ ఉండనిస్తే చాలు.

వెంటనే ఆ పోస్టర్లు పీకించు. నేనేం చెయ్యాలో కూడా చెప్పు. పిల్లలేమో ఆ చిన్న పోస్టర్లు వదలడంలేదు, తిండి గంట కొట్టినా లేవడంలేదు. నాకు వాళ్ళ సంగతి చూసే తీరిక లేదు.

తల పట్టుకున్న
దుఫీ


దేవుడి దయ టైపింగ్ సెంటర్, కుమాసి
శనివారం, జనవరి 25, 2014

బంగారు తల్లీ,

నీ మెచ్చుకోలు ఉత్తరం ఇంకా రాలేదు, దారిలో ఉండుంటుంది. ఈలోపు శుభవార్త. నీ పోస్టర్ దుమ్ము రేపుతోందే! చెక్‌పోస్టు దగ్గర అరటికాయలు కాల్చే ఆమె ఇవాళ నా కొట్టుకొచ్చి "ఆ యా సికా ఎవరమ్మా, అంత హుందాగా ఉంది" అని అడిగింది. వాళ్ళ మేనత్తకి కూడా అలాంటిదే కావాలట. మేనత్త ఇంకా పోలేదు, ముందుచూపు.

నువ్వు పెద్దగా అడగవు కాబట్టి నేనే కొంచెం చొరవ తీసుకున్నాను. చావుకి వచ్చినవాళ్ళకి గుర్తుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. రుమాళ్ళు అందరూ ఇస్తారు. నేను నోటుపుస్తకాలకి అట్టలు వేయించాను, మీద కోడి మొహం, కింద "నిన్ను మరువలేము". యాభై. పిల్లలకి పనికొస్తాయి. మైకు అద్దెకిచ్చే మా చర్చి అతను పదిహేనో తేదీ ఖాళీయే అన్నాడు, రమ్మన్నాను.

నీ మేలు కోరే,
అబ్రెఫి


దేవుడి దయ టైపింగ్ సెంటర్, కుమాసి
మంగళవారం, జనవరి 28, 2014

దుఫీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి నిలబడి, ఒకసారి కూర్చుని.

సరే. తప్పు నాది కొంత, అజిమాన్‌ది కొంత. "మిగతాది నీ ఇష్టం" అన్నదాని సంగతి నేను ఎత్తను. నేను అలాంటిదాన్ని కాను.

నువ్వు చెయ్యాల్సింది ఇది. తెల్లవారుజామునే అచియా అవ్వ దగ్గరికి వెళ్ళు. చెప్పులు బయట విడిచిపెట్టు. ముందు అవ్వకి క్షమాపణ చెప్పు, తర్వాతే తాతకి. ఒట్టి చేతులతో వెళ్ళకు. కానీ గుడ్లు మాత్రం తీసుకెళ్ళకు. మామూలు రోజుల్లో క్షమాపణకి గుడ్లంత మంచివి లేవు గానీ, ఇప్పుడు తీసుకెళ్తే సవితి పిల్లల్ని ఒళ్ళో పెట్టినట్టుంటుంది. మంచి బట్ట ఒకటి పంపుతున్నాను, నీలం రంగుది, ఆవిడకిచ్చి "గొలుసు మా పిన్ని బాకీ" అను.

పోస్టర్లు పీకడం కుదరదు. చచ్చినవాళ్ళ పోస్టరు పీకడానికి అజిమాన్ ఒప్పుకోడు, దయ్యం పట్టుకుంటుందట. అందుకని సవరణ పోస్టర్లు కొట్టి వాటి కిందే అంటించమని ఇచ్చాను. పెద్ద అక్షరాలతో, ఎర్రరంగులో: "గమనిక. అంపోన్సా గారు యా సికాకి భర్త కారు. పై పోస్టర్‌లోని పిల్లలకి ఆయనకి ఏ సంబంధమూ లేదు." ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఇక గొడవ సద్దుమణిగిపోతుంది.

మైకు అతన్ని వద్దందామంటే అతను ఊళ్ళో లేడు.

అబ్రెఫి


క్వాబెన్‌క్రోం
సోమవారం, ఫిబ్రవరి 10, 2014

పిన్నీ,

సద్దుమణగలేదు.

చావు పోస్టర్ కింద ఎర్ర అక్షరాలతో "పిల్లలకి సంబంధం లేదు" అని ఉంటే జనం ఏమనుకుంటారు? ఆస్తి గొడవ అనుకున్నారు. మామూలు చావుకి వచ్చేవాళ్ళు వస్తారు, ఆస్తి గొడవున్న చావుకి అందరూ వస్తారు. దారి పొడుగునా చావుకి కట్టే నల్లబట్టలు ఉతుక్కుంటున్నారట. తాత ఆస్తికి వారసులు ఆయన చెల్లెలి కొడుకులే కదా, ఇద్దరూ నిన్నే వచ్చేశారు, కోకో తోటలో తమ వాటా ఏమైందని. కోడి అని చెబితే "అలాగే అంటారు" అన్నారు.

కానీ అవ్వ చల్లబడింది. నీలం బట్ట భుజానేసుకుని చూసుకుని, "మీ పిన్నికి రంగుల సంగతి తెలుసు, సంసారాల సంగతే తెలియదు" అంది. తాతేమో రాత్రంతా ఆలోచించి చెప్పాడు: "నల్లబట్ట కట్టుకుని మన వాకిట్లోకి వచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపితే నా మనవల మనవలు కూడా తల ఎత్తుకోలేరు. చెయ్యాల్సిందే." అందుకని చేస్తున్నాం పిన్నీ. లేని కోడికి అంత్యక్రియలు. కోడికూర పెట్టడానికి మాత్రం పిల్లలు ఒప్పుకోలేదు, బంధువుల్ని ఎలా తింటాం అన్నారు. చేపల పులుసు, దంచిన ఫుఫూ ముద్దలు.

ఇంకొకటి చెప్పాలి. ఇది మెచ్చుకోలే, కానీ పొంగిపోకు.

ముందటి వారం మాన్సా చెయ్యెత్తింది. "అనగనగా" అంటుందనుకున్నాను. "టీచర్, కథలో మంగళవారం పోయిందని ఉంది. పోస్టర్‌లో బుధవారం అనుంది. ఏది నిజం?" అంది. నేను చూసుకోనేలేదు. పక్కవాడు లేచాడు: "కోడి ఎనభై నాలుగేళ్ళు బతకదు టీచర్. మా నాయనమ్మే డెబ్భై." ఇంకోడు: "చర్చిలో పాటలు పాడితే ఆదివారం మాత్రమే కూయాలి కదా?" వెనక బెంచీ నుంచి: "ముప్పై ఒక్కమంది మనవలుంటే, గుడ్లన్నీ ఎవరమ్మారు?" నలభై ముగ్గురూ కథ ఒక చేత్తో, పోస్టర్ ఒక చేత్తో పట్టుకుని వెతుకుతున్నారు. పదిహేడు తప్పులు పట్టారు పిన్నీ. నువ్వు చేసినవి పదకొండే అనుకుంటాను, మిగతా ఆరూ నావి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. "కుండలో పడ్డాక, మరి కూర వండారా?" క్లాసు రెండుగా చీలిపోయింది, మాట్లాడుకోవడంలేదు.

చావులో మనవలు లేచి పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చదవాలి కదా. అందరూ రాస్తున్నారు, నీ తప్పు పోస్టర్ల వెనకవైపు. మొన్నటిదాకా రెండు వాక్యాలు రాయడానికి పొట్ట నొప్పి అన్నవాళ్ళు కాయితం చాలలేదంటున్నారు.

ఇరవై ఒకటో తేదీ ఏమవుతుందోనని భయంతోనే,
దుఫీ


క్వాబెన్‌క్రోం
ఆదివారం, ఫిబ్రవరి 16, 2014

పిన్నీ,

అయిపోయింది. చావూ, బహుశా నా బీరువా కూడా.

నిన్న పొద్దున్నే మీ మైకు అతను దిగాడు. తొమ్మిదింటికల్లా మూడు వ్యాన్ల జనం. ఎర్రబట్టలు, నల్లబట్టలు, షామియానా కింద చోటు లేదు. నడుమ కుర్చీలో పూలదండ వేసి నీ పెద్ద పోస్టర్. దగ్గరికొచ్చి చూసినవాళ్ళు ఒక్క క్షణం ఆగారు. కానీ ముందువాడు ఏడుస్తున్నాడు కదాని వెనకవాడూ ఏడ్చాడు. తాత చెల్లెలి కొడుకులు మాత్రం బాగా దగ్గరకొచ్చి చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఫుఫూ దగ్గరికి వెళ్ళిపోయారు.

పదిన్నరకి ఒక కారు ఆగింది. నల్లబట్ట భుజం మీదుగా చుట్టుకుని బెడియాకో సార్ దిగారు! పిన్నీ, బడి కమిటీ పెద్ద గారి భార్య పోయిందని పెట్రోలు బంకు దగ్గర పై పోస్టరు మాత్రం చదివారట. పద్ధతిగా కుడివైపు నుంచి మొదలుపెట్టి అందరి చేతులూ కలిపారు. అచియా అవ్వ చెయ్యి కలుపుతూ "మీకు చాలా కష్టం వచ్చింది, మీరు ఆమెకి ఏమవుతారు?" అన్నారు.

"నేనా? నేనే భార్యని" అంది అవ్వ.

ఆయన తాత వంక చూశారు. తాత ఆకాశం వంక చూశాడు. అప్పుడు సార్ పోస్టర్ వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

సరిగ్గా అప్పుడే మైకులో "ఇప్పుడు మనవరాలు మాన్సా మాట్లాడుతుంది" అన్నారు. ఆ పిల్ల స్టూలెక్కి చదివింది. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"యా సికా మంచిది. తాతంటే ప్రాణం. కానీ ఈ సభలో ఒక సంగతి ఎవరూ మాట్లాడటంలేదు. కోడి తనంతట తను కుండ మూత తియ్యలేదు. మూత ఎవరు తీశారు? తీసినవాళ్ళు ఎందుకు పెట్టలేదు? వాళ్ళు ఇక్కడే కూర్చుని ఏడుస్తున్నారని నా అనుమానం. అందరికంటే ఎక్కువ ఏడ్చేది వాళ్ళే అని కూడా నా అనుమానం."

ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎవరికి వాళ్ళు పక్కవాణ్ణి చూశారు. అవ్వ లేచి నిలబడింది: "ఆ మూత పగిలి మూణ్ణెల్లయింది! కొత్తది తెమ్మని ఈయనకి చెప్పి చెప్పి నా నోరు పోయింది!"

"అదసలు కథే! మనకి కోడే లేదు!" అన్నాడు తాత.

"కోడి లేకపోతేనేం, మూత కూడా లేదు కదా?"

జనం అవ్వవైపే. నా నాలుగో ప్రశ్నకి అంత మంచి జవాబు నేను కలలో కూడా అనుకోలేదు పిన్నీ, కానీ దాన్ని చూసి సంతోషించే స్థితిలో లేను. సార్ నవ్వలేదు. మైకు అతను కానుకలు చదువుతూ ఆయన దగ్గర ఆగాడు. చావుకొచ్చి ఏమీ ఇవ్వకుండా వెళ్ళలేరు కదా. ఆయన జేబులన్నీ తడుముకుని ఒక పెన్ను తీశారు. "ఇన్‌స్పెక్టర్ బెడియాకో గారు, ఎర్ర పెన్ను, ఒకటి!" అని మైకులో మూడుసార్లు చెప్పాడు. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

శుక్రవారం వస్తారు. నేను ఏ మొహంతో నిలబడను?

దుఫీ


దేవుడి దయ టైపింగ్ సెంటర్, కుమాసి
బుధవారం, ఫిబ్రవరి 19, 2014

నా తల్లీ,

ఉన్న మొహంతోనే నిలబడు. శుభ్రంగా కడుక్కుని, షియా వెన్న రాసుకుని.

చావుకొచ్చి చెయ్యి కలిపినవాడు శత్రువు కాడు, అది గుర్తుపెట్టుకో. నవ్వలేదంటావు. చావులో నవ్వుతాడా, పద్ధతి తెలిసిన మనిషి.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. గిరాకీ కూడా లేదు ఇప్పుడు. నేను నాలుగో తరగతిలో మానేశాను, మీ అమ్మ చదువు సాగాలని. అప్పటికి నాకూ నీ మాన్సాకి మల్లే చదవడమంటే అప్పజెప్పడమే. టమాటాల గంప నెత్తిన పెట్టుకుని బజారుకి నడిచేదాన్ని. దారిలో గోడలకి చావు పోస్టర్లుండేవి. ఎవరు పోయారో తెలుసుకోవాలని ఆత్రం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, తెలియనివి పక్కవాళ్ళని అడిగి, "అయ్యో, ఇద్దరు పెళ్ళాలా" అనుకుంటూ చదివాను. నేను చదువు నేర్చుకున్నది గోడల మీద దుఫీ. నీ పిల్లలకి పోస్టర్ చెయ్యడం వెటకారం కాదు. నాకు తెలిసిన పుస్తకం అదే.

ఆ ఎనభై నాలుగు తీసెయ్యడం మాత్రం నిజంగా మర్చిపోయాను. అందంగా చెప్పాను గానీ, మర్చిపోయాను.

శుక్రవారం కొత్తగా ఏమీ చెయ్యకు. బూట్లు వేసుకో.

నీ
అబ్రెఫి పిన్ని


క్వాబెన్‌క్రోం
శనివారం, మార్చి 1, 2014

పిన్నీ, పిన్నీ, పిన్నీ,

బూట్లు వేసుకున్నాను. సార్ సంచీలోంచి తన సొంత పాఠం తీశారు. "మీ పోస్టర్ వద్దు" అన్నారు. బోర్డు మీద రాశారు: "కోఫీ బజారుకి వెళ్ళాడు. ఉప్పు కొన్నాడు. ఇంటికి తెచ్చాడు. అమ్మ చాలా సంతోషించింది." రాసి, "కోఫీ ఏం కొన్నాడు?" అని మాన్సానే అడిగారు.

మాన్సా లేచింది. బోర్డు వంక చాలాసేపు చూసింది. నేను మనసులో ఉప్పు, ఉప్పు అనుకుంటున్నాను.

"సార్, ఉప్పుకి అంత సంతోషమెందుకు?"

"ఏంటమ్మా?"

"ఉప్పు తెస్తే మా అమ్మ 'అక్కడ పెట్టు' అంటుంది. కోఫీవాళ్ళమ్మ చాలా సంతోషించిందంటే, అంతకుముందు ఏదో అయ్యుండాలి. కోఫీ ఇదివరకు పంపితే తిరిగి రాలేదా? లేకపోతే ఇంట్లో ఎవరైనా పోయారా?"

అంతే, నలభై రెండు చేతులు లేచాయి. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "పదకొండేళ్ళుగా ఈ పాఠం సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇది ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు" అన్నారు. పిల్లల మధ్య ఆ బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, "మీరే రాయండి, నేను వింటాను" అన్నారు. గంటసేపు విన్నారు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి నన్ను మెల్లగా అడిగారు: "ఇంతకీ, కూర వండారా?"

"క్లాసు ఇంకా తేల్చలేదు సార్" అన్నాను. అప్పుడు నవ్వారు పిన్నీ. గేటు దాకా నవ్వుతూనే వెళ్ళారు.

మొన్న లారీ వచ్చింది. బీరువా! ఆకుపచ్చది, అద్దాల తలుపులు, రెండొందల పుస్తకాలు, అన్నిటికీ చివరి పేజీలున్నాయి. నేను ఏడుస్తుంటే మాన్సా నా చెయ్యి లాగింది. "టీచర్, ఇవాళేం వారం?" గురువారం. "గురువారం వచ్చింది. అంటే దీని పేరు యా." వెనక బెంచీవాడు అన్నాడు: "యా సికా తిరిగొచ్చింది." అచియా అవ్వ వచ్చి బీరువాని చుట్టూ తిరిగి చూసి, "ఈసారి తలుపులకి తాళం ఉంది, మంచిది" అంది.

పుట్టినవాళ్ళకి ఎనిమిదో రోజున పేరు పెట్టాలి కదా. ఆ లెక్కన మార్చి 6, స్వాతంత్ర్య దినం, పిల్లల కవాతు అయ్యాక. నీ కొట్టు కూడా సెలవు. నువ్వు రావాలి. పేరు పిలిచేది నువ్వే అని క్లాసు తీర్మానం చేసింది.

దీంతోపాటు వాళ్ళ ఆర్డరు పంపుతున్నాను. మాన్సా రాసింది, ఎర్ర పెన్నుతో:

"అబ్రెఫి అమ్మమ్మకి. యా సికా బీరువా నామకరణానికి పోస్టర్ ఒకటి కావాలి. వయసు ఎనిమిది రోజులు. భర్త లేడు (అచియా అవ్వ గట్టిగా చెప్పమంది). పిల్లలు రెండొందలు. దయచేసి తప్పులు ఐదు తగ్గకుండా పెట్టండి. తప్పుల్లేకపోతే చదవబుద్ధి కాదు."

ఎదురుచూస్తూ,
దుఫీ, నలభై ముగ్గురూ


దేవుడి దయ టైపింగ్ సెంటర్, కుమాసి
సోమవారం, మార్చి 3, 2014

మాన్సా గారికి, నాలుగో తరగతి,

మీ ఆర్డరు అందింది. పాతికేళ్ళ వ్యాపారంలో తప్పులెందుకున్నాయని తిట్టినవాళ్ళనే చూశాను గానీ, తప్పులు కావాలని అడిగిన గిరాకీ మీరే మొదలు. ఐదు కాదు, ఆరు పెట్టాను. ఆరోది మీ టీచర్‌కి కూడా దొరకదు.

పోస్టర్ నేనే తెస్తున్నాను. అజిమాన్‌కి ఇవ్వను. వ్యానులో కిటికీ పక్క సీటు చెప్పాను, దారిలో గోడలన్నీ చదువుకుంటూ వస్తాను.

అవ్వకి కుండ మూత కూడా తెస్తున్నానని చెప్పండి.

అబ్రెఫి అమ్మమ్మ